ప్రోటాన్లు ఢీకొనే చోట పని ఎలా ఉంటుందంటే

అక్కా అని రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తాను. నీ ప్రశ్న రెండు ముక్కల్లో ఇదీ: విజయనగరం వైపు ఊరు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది, ఎల్‌హెచ్‌సీ అనే యంత్రం లాంటి చోట కణాలను ఢీకొట్టించే ప్రయోగాల్లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంట్లో "ఆ తర్వాత ఉద్యోగం ఏంటి, పెళ్ళెప్పుడు" అంటున్నారు. సీనియర్ ఒకాయన "మూడు వేల మందిలో ఒకదానివి అవుతావు, నీ పేరు ఎవరికీ తెలీదు" అన్నాడు. అసలు వీళ్ళు రోజూ ఏం చేస్తారు, బతుకు గడుస్తుందా అని అడిగావు.

నేను 2007లో ముంబైలో పీహెచ్‌డీలో చేరాను, సీఎంఎస్ ప్రయోగంలో, అంటే ఎల్‌హెచ్‌సీలో ఢీకొనడాలను నమోదు చేసే పెద్ద డిటెక్టర్లలో ఒకదాని మీద. తర్వాత మూడేళ్ళు జర్మనీలో, ఇంకో మూడేళ్ళు ఒక అమెరికా యూనివర్సిటీ జీతం మీద జెనీవాలో పనిచేశాను. 2019లో వెనక్కి వచ్చేశాను, ఇక్కడ పాఠాలు చెబుతూ అదే ప్రయోగంలో కొనసాగుతున్నాను. అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ పనిలో ఎక్కువ భాగం, కనిపించింది నిజమా కాదా అని తేల్చుకోవడంలోనే గడిచిపోతుంది. ఆ తేల్చుకోవడం నీకు ఇష్టమైతే ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు, అది విసుగనిపిస్తే మాత్రం హిగ్స్ బోసాన్ అనే కణం మీద ఎంత ప్రేమ ఉన్నా రెండేళ్ళు కూడా నిలబడలేవు.

ముందు ఎల్‌హెచ్‌సీ యంత్రం సంగతి, ఎందుకంటే అక్కడి రోజువారీ పని అర్థం కావాలంటే ఆ అంకెలు కాస్త బుర్రలో ఉండాలి. జెనీవా పక్కన, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దు కింద, దాదాపు వంద మీటర్ల లోతులో 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం ఉంది. అందులో రెండు గొట్టాల్లో ప్రోటాన్లు ఎదురెదురుగా తిరుగుతాయి, సెకనుకు 11 వేలకు పైగా చుట్లు. వాటి దారి వంచడానికి 1232 పెద్ద అయస్కాంతాలు ఉన్నాయి, ఒక్కోటీ 15 మీటర్ల పొడవు, వాటిని ద్రవ హీలియంతో 1.9 కెల్విన్ దాకా చల్లబరిచి ఉంచుతారు. ప్రోటాన్లు ఒక్కొక్కటిగా రావు, గుంపులుగా వస్తాయి, గుంపుకు పది వేల కోట్లకు పైనే. అయినా రెండు గుంపులు ఒకదాన్లోంచి ఒకటి దూసుకుపోతే నిజంగా ఢీకొనేవి కొన్ని పదుల జతలే, మిగతావన్నీ తప్పించుకుని మళ్ళీ చుట్టు తిరిగి వస్తాయి. ఇది 25 నానోసెకన్లకు ఒకసారి జరుగుతుంది, అంటే సెకనుకు దాదాపు 4 కోట్ల సార్లు.

అంత డేటా దాచుకోవడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. అందుకే ట్రిగ్గర్ అనే ఏర్పాటు ఉంటుంది. కళ్ళంలో ధాన్యం తూర్పారపట్టినట్టు మొదట ఎలక్ట్రానిక్స్ కొన్ని మైక్రోసెకన్లలోనే నిర్ణయం తీసుకుని సెకనుకు లక్ష ఢీకొనడాల దాకా మిగులుస్తుంది, తర్వాత వేల కంప్యూటర్లు కలిసి దాన్ని కొన్ని వేలకు తెస్తాయి. పొట్టుతో పాటు గింజ పోయిందనుకో, అది మళ్ళీ దొరకదు. హిగ్స్ బోసాన్ పుట్టేది వంద కోట్లకు పైగా ఢీకొనడాల్లో ఒక్కసారి. అలా పుట్టిన వాటిలో రెండు ఫోటాన్లుగా, అంటే వెలుగు కణాలుగా, విడిపోయేవి వెయ్యికి రెండు. కాబట్టి ట్రిగ్గర్‌లో ఒక చిన్న నిబంధన ఎలా రాయాలన్న దాని మీద మేం వారాల తరబడి వాదించుకుంటాం, ఆ వాదన అనవసరం అని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ఇక రోజూ ఏం చేస్తాం అన్నది. నా పీహెచ్‌డీ రోజుల్లోది ఒకటి వివరంగా చెబుతాను, అందులో అంతా ఉంది.

2011 డేటాతో నా థీసిస్. ఒకే ఒక్క ఫోటాన్ బయటికి వచ్చి, దానికి ఎదురుగా ఏమీ కనిపించని ఢీకొనడాలను వెతకాలి. ఎదురుగా ఏమీ లేదంటే డిటెక్టర్‌కు చిక్కనిదేదో తప్పించుకుని వెళ్ళిపోయిందని అర్థం. అది దేనికీ పెద్దగా తగలకుండా పోయే మామూలు న్యూట్రినోలు కావచ్చు, విశ్వంలో ఉందని తెలిసినా ఇంకా ఎవరికీ చిక్కని డార్క్ మ్యాటర్ కూడా కావచ్చు. న్యూట్రినోల వల్ల ఎన్ని రావాలో లెక్క కట్టవచ్చు, దానికంటే ఎక్కువ వస్తే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. నాకు ఎక్కువే వచ్చాయి. మామూలు తేడా కాదు, కొట్టొచ్చినట్టు కనిపించేంత. ముంబైలో రాత్రి పదకొండింటికి ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను, ప్లాట్ మూడుసార్లు మళ్ళీ వేశాను, ప్రోగ్రాం మొదటి నుంచి చదివాను, తప్పు దొరకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మా గైడ్ గది ముందు నిలబడ్డాను. ఆయన ప్లాట్ చూసి ఒక్క మాటే అడిగారు, "ఫై గీశావా?" అని.

ఫై అంటే కిరణం పోయే గొట్టం చుట్టూ గడియారం ముల్లులా తిరిగే కోణం. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే ఫోటాన్‌కు కుడి ఎడమలు, పైన కింద తేడా తెలీదు కదా, కాబట్టి ఆ కోణంలో అన్ని వైపులా సమానంగా రావాలి. నేను గీసి చూస్తే నాకు అదనంగా వచ్చినవన్నీ రెండే చోట్ల కుప్పపడ్డాయి, సున్నా డిగ్రీల దగ్గర, 180 డిగ్రీల దగ్గర. అంటే సరిగ్గా సొరంగం పరుచుకున్న అడ్డం తలంలో, కుడి పక్కన, ఎడమ పక్కన. అది చూడగానే విషయం అర్థమైపోయింది. గొట్టంలో ఎంత వాక్యూమ్ ఉన్నా కాస్త గాలి మిగులుతుంది, దారి తప్పిన ప్రోటాన్లను ఆపే కాలిమేటర్లు ఉంటాయి. వాటికి తగిలిన ప్రోటాన్ల నుంచి మ్యూయాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, బరువెక్కువ) పుట్టి, కిరణంతో పాటే సమాంతరంగా దూసుకొస్తాయి. సొరంగంలోని అయస్కాంతాలు వంచేది అడ్డంగా కాబట్టి అవి ఆ తలంలోనే పరుచుకుని ఉంటాయి. అలాంటి మ్యూయాన్ ఒకటి మా డిటెక్టర్ పక్క నుంచి పోతూ స్ఫటికాల్లో శక్తి వదిలితే అచ్చం ఫోటాన్ లాగానే కనిపిస్తుంది, ఎదురుగా ఏమీ ఉండదు. దీన్ని బీమ్ హేలో అంటారు. నా డార్క్ మ్యాటర్ అదీ.

ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను చేసిన పని ఆ హేలోను గుర్తుపట్టడం, ఎంత ఉందో కొలవడం, తీసేయడం. స్ఫటికంలో శక్తి ఎలా పరుచుకుంది, సిగ్నల్ ఎన్ని నానోసెకన్లు ముందొచ్చింది, డిటెక్టర్ చివర్లలో మ్యూయాన్లను పట్టే పరికరాల్లో అదే గీత మీద ఆనవాలు ఉందా. దానికి తోడు ఇంకో చిక్కు ఉండేది: సీఎంఎస్‌లో 75,848 లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలు ఉన్నాయి, మధ్య భాగంలో వాటి వెలుగును చదివే చిన్న ఫోటోడయోడ్‌లో ఏదైనా కణం నేరుగా తగిలితే స్ఫటికంలో ఏమీ జరక్కుండానే పెద్ద సిగ్నల్ వస్తుంది. మేం స్పైక్ అంటాం. దాన్నీ విడదీయాలి. అంతా అయ్యాక లెక్కకు, డేటాకు తేడా ఏమీ మిగల్లేదు. "డార్క్ మ్యాటర్ ఇంతకంటే ఎక్కువగా పుట్టడం లేదు" అన్న హద్దు గీసి పేపర్ వేశాం. నా థీసిస్ అదే. ఏమీ దొరకలేదని చెప్పే థీసిస్ అని ఎవరైనా అనుకోవచ్చు గానీ, ఆ హద్దుకు ఇవతల ఇక వెతకనక్కర్లేదని ప్రపంచంలో ఎవరైనా నమ్మగలిగేలా చెప్పగలిగాం, అందులో హేలో భాగం నా చేతి పని. నాకు ఇప్పటికీ దాని గురించి గర్వంగానే ఉంటుంది.

ఈ అలవాటు మా రంగంలో పాత తరాల నుంచి వస్తున్నదే. ఎల్‌హెచ్‌సీకి ముందు అదే సొరంగంలో ఎల్‌ఈపీ అనే యంత్రం 1989 నుంచి 2000 దాకా నడిచింది, ఎలక్ట్రాన్లను, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లను ఢీకొట్టించేది. దాంట్లో కిరణం శక్తి ఒక్కో వేళ ఒక్కోలా వస్తుంటే వెతికి వెతికి చివరికి తేల్చింది ఏంటంటే, సముద్రానికి ఆటుపోట్లు తెచ్చే చంద్రుడే నేలను కూడా కాస్త లాగుతున్నాడు, 27 కిలోమీటర్ల ఆ చుట్టుకొలత ఒక మిల్లీమీటరు పెరిగి తగ్గుతోంది. ఇంకో తేడాకు కారణం జెనీవా నుంచి బయల్దేరే టీజీవీ అనే ఫ్రెంచ్ వేగపు రైళ్ళు. పట్టాల్లోంచి నేలలోకి పాకిన కరెంటు యంత్రం గొట్టం దాకా వస్తోంది. ఇది విన్నప్పుడల్లా నాకు ఆ మనుషుల మీద ప్రేమ పుడుతుంది. మిల్లీమీటరు తేడాను వదిలెయ్యకుండా చంద్రుడి దాకా వెళ్ళారు చూడు.

దీనికి రెండో వైపు కూడా చూశాను. 2015 డిసెంబర్‌లో సీఎంఎస్, ఎల్‌హెచ్‌సీలోనే దాని జోడు ప్రయోగం అట్లాస్, రెండిటి డేటాలోనూ 750 జీఈవీ (కణాల శక్తిని, ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం) దగ్గర రెండు ఫోటాన్ల లెక్కలో చిన్న గుట్ట కనిపించింది. రెండు వేర్వేరు ప్రయోగాల్లో ఒకే చోట! నేను అప్పుడు జర్మనీలో ఉన్నాను, క్యాంటీన్‌లో ఇంకో మాట లేదు. దాన్ని వివరిస్తూ సిద్ధాంతం వాళ్ళు కొద్ది నెలల్లోనే వందల పేపర్లు రాశారు. 2016 ఆగస్టులో చికాగో సమావేశంలో కొత్త డేటాతో చూపిస్తే గుట్ట లేదు. ఎవరి తప్పూ లేదు, వట్టి గణాంకాల ఊగిసలాట. ఇందుకే మాకు ఐదు సిగ్మా అన్న పట్టుదల: కాకతాళీయంగా అలా కనిపించే అవకాశం 35 లక్షల్లో ఒకటి కంటే తక్కువైతేనే కనిపెట్టాం అంటాం. ఇందుకే చాలా వెతుకులాటల్లో అసలు చోట ఏముందో చివరిదాకా మాకు మేమే మూసిపెట్టుకుంటాం. పద్ధతి అంతా ఖాయం చేసి, లోపల కమిటీ ఒప్పుకున్నాకే తెరిచి చూస్తాం. తెరిచే రోజు ఉండే టెన్షన్ నాకు ఏ పరీక్షకూ ఉండలేదు.

ఇక మీ సీనియర్ అన్న మూడు వేల సంతకాల మాట. నిజమే. 2015లో అట్లాస్, సీఎంఎస్ కలిసి హిగ్స్ ద్రవ్యరాశి మీద వేసిన పేపర్‌లో 5,154 పేర్లున్నాయి, 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే. సీఎంఎస్ పేపర్లలో పేర్లు దేశాల అక్షర క్రమంలో వస్తాయి, ఆర్మేనియాతో మొదలై, మన ఇండియా హంగరీ తర్వాత. నీ పేరు మొదట రావడమన్నది ఎప్పటికీ జరగదు. కానీ లోపల అందరికీ తెలుసు. ప్రతి పేపర్ వెనక అసలు పని చేసినవాళ్ళు పది, ఇరవై మంది ఉంటారు, వాళ్ళు రాసుకున్న లోపలి నోట్ మీద ఆ పది పేర్లే ఉంటాయి, ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరాలు రాసేవాళ్ళు దాన్నే చూస్తారు. ఆ నోట్‌ను ముందు గ్రూప్ చదువుతుంది, తర్వాత ఒక రివ్యూ కమిటీ, ఆ తర్వాత మొత్తం సహకార బృందం. నీకు ముక్కూ మొహం తెలియని మనిషి ఏ బ్రెజిల్ నుంచో నీ ఏడో పటంలో ఎర్రర్ బార్ (కొలతలో అనిశ్చితి ఎంతో చూపే గీత) ఎందుకు అంత చిన్నగా ఉంది అని అడుగుతాడు. మూడు వారాలు పట్టినా జవాబు చెప్పాల్సిందే. మొదట్లో నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ ప్రశ్నలు రాకపోతేనే భయమేస్తుంది, ఎవరూ సరిగా చదవలేదేమో అని.

మిగతా సంతకాలు ఊరికే వచ్చినవి కావు. డిటెక్టర్ కట్టినవాళ్ళు, దాన్ని రోజూ సరిచూసేవాళ్ళు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, రాత్రి షిఫ్టుల్లో కూర్చునేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా కొన్ని నెలలు ఇలాంటి సేవ చేశాకే పేరు జాబితాలోకి ఎక్కుతుంది. నేను రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా సెస్సీ అనే ఫ్రెంచ్ పల్లెలో, డిటెక్టర్ సరిగ్గా కాళ్ళ కింద వంద మీటర్ల లోతులో ఉండగా, కంట్రోల్ రూమ్‌లో డేటా నాణ్యత చూసే కుర్చీలో కూర్చునేదాన్ని. ముందు వరుసగా తెరలు. ఒక్కో భాగం ఎలా ఉందో చూపే పటాలు ప్రతి కొన్ని నిమిషాలకూ మారుతుంటాయి. పచ్చగా ఉండాల్సిన పటంలో ఒక గడి తెల్లగా కనిపిస్తే అక్కడ ఏదో ఆగిపోయిందని లెక్క, ఆ భాగం నిపుణుణ్ని నిద్ర లేపాలి. ఫోన్ చేయడానికి మొదట మొహమాటపడి పది నిమిషాలు ఆగాను ఒకసారి, ఆ పది నిమిషాల డేటాలో ఆ ముక్క లేకుండా పోయింది. మళ్ళీ ఎప్పుడూ మొహమాటపడలేదు. అవతల గొంతు నిద్రమత్తులోనే "మంచి పని చేశావు, ఇలా చెయ్" అని చెబుతుంది. పొద్దున షిఫ్ట్ దిగి బయటికొస్తే ఒకవైపు జురా కొండలు, ఆకాశం తేటగా ఉంటే దూరంగా మాంట్ బ్లాంక్. అక్కడ ఆ చలిలో నిలబడి అమ్మకు ఫోన్ చేసేదాన్ని, ఇక్కడ పదిన్నర దాటి ఉండేది.

అమ్మ అంటే గుర్తొచ్చింది, 2008 సెప్టెంబర్ 10న యంత్రం మొదలైన రోజు టీవీల్లో బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని ఊదరగొట్టారు, అమ్మ నిజంగానే భయపడింది. అంతకంటే ఎక్కువ శక్తి ఉన్న కాస్మిక్ కిరణాలు కోట్ల ఏళ్ళుగా మన నెత్తి మీది గాలికి తగులుతూనే ఉన్నాయి, ఏమీ కాలేదు కదా అని చెబితే కుదుటపడింది. అసలు దెబ్బ తగిలింది యంత్రానికి. తొమ్మిది రోజులకే, సెప్టెంబర్ 19న, రెండు అయస్కాంతాల మధ్య కరెంటు అతుకు ఒకటి పాడై, హీలియం బయటికి తన్నుకొచ్చి పెద్ద నష్టం జరిగింది. మళ్ళీ నడిచేసరికి 2009 నవంబర్, 7 టీఈవీ (ఒక టీఈవీ అంటే వెయ్యి జీఈవీ) దగ్గర ఢీకొనడాలు 2010 మార్చి 30న. నేను పీహెచ్‌డీలో చేరి మూడేళ్ళు కావస్తున్నా అప్పటిదాకా ఆ శక్తి దగ్గర ఒక్క ఢీకొనడం కూడా చూడలేదన్నమాట. నా బ్యాచ్‌లో ఇద్దరు ఆ మధ్యలోనే వేరే వాటికి వెళ్ళిపోయారు, వాళ్ళను నేను తప్పుపట్టను. ఇది నీకు ఎందుకు చెబుతున్నానంటే, ఈ రంగంలో నీ కాలెండర్ నీ చేతిలో ఉండదు, యంత్రం చేతిలో ఉంటుంది. ఇప్పుడు నువ్వు చేరితే అదే జరుగుతుంది: 2026లో మొదలయ్యే పెద్ద విరామంలో యంత్రాన్ని, డిటెక్టర్లను మార్చి 2030 ప్రాంతంలో ఎన్నో రెట్లు ఎక్కువ ఢీకొనడాలతో మళ్ళీ నడుపుతారు. నీ పీహెచ్‌డీ సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. దీన్ని దురదృష్టం అనుకోకు. 2022 నుంచి 13.6 టీఈవీ దగ్గర పోగైన డేటా చేతిలో ఉంటుంది, పైగా డిటెక్టర్‌ను చేత్తో కట్టే అవకాశం పాతికేళ్ళకొకసారి వస్తుంది. సీఎంఎస్ చివర్లలో పెట్టబోయే కొత్త క్యాలరీమీటర్‌లో (కణాల శక్తిని కొలిచే భాగం) దాదాపు 600 చదరపు మీటర్ల సిలికాన్, 60 లక్షల చానెళ్ళు ఉంటాయి, అందులో మన దేశపు గ్రూపుల పని కూడా ఉంది. నాకు ఆ అవకాశం రాలేదు, నేను వచ్చేసరికి డిటెక్టర్ సిద్ధంగా ఉంది, ఆ లోటు నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

ఇండియాలో కొలైడర్ లేదు కదా, బయటికి పోక తప్పదా అన్నావు. అంత లేదు. డేటా ప్రపంచమంతా గ్రిడ్ (కలిపి ఉంచిన కంప్యూటర్ కేంద్రాల వల) మీద పరిచి ఉంటుంది, ముంబైలో సీఎంఎస్‌కు, కోల్‌కతాలో ఎల్‌హెచ్‌సీలోనే ఉన్న ఇంకో ప్రయోగం ఆలిస్‌కు దాని కేంద్రాలున్నాయి, నా థీసిస్ విశ్లేషణ చాలావరకు ముంబైలో కూర్చునే చేశాను. సొరంగంలో ఆ భారీ అయస్కాంతాలు కూర్చున్న జాకీలు, దాదాపు ఏడు వేలు, మన దేశంలో తయారైనవే. 30 టన్నులకు పైగా బరువును వెంట్రుకవాసి తేడాతో సర్దగలవు. 2017 నుంచి ఇండియా, ఎల్‌హెచ్‌సీని నడిపే సెర్న్ సంస్థలో అసోసియేట్ సభ్యదేశం కూడా. మన దగ్గర్లోనే కావాలంటే ఐఐటీ హైదరాబాద్ వాళ్ళు జపాన్‌లోని బెల్-2 ప్రయోగంలో ఉన్నారు, అక్కడ ఎలక్ట్రాన్లు పాజిట్రాన్లు ఢీకొంటాయి, శక్తి తక్కువే కానీ కొలతలు చాలా సూక్ష్మం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు అమెరికాలో ఫెర్మీల్యాబ్ న్యూట్రినో ప్రయోగాల్లో ఉన్నారు. అది ఢీకొనడాల పని కాదు గానీ నేర్చుకునే విద్య చాలావరకు ఒకటే.

డబ్బు, ఉద్యోగం. దాచకుండా చెబుతాను. జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ ఫెలోషిప్, 2023 నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ళ తర్వాత 42 వేలు, పైన ఇంటద్దె. ఐదారేళ్ళు పడుతుంది. ఆ తర్వాత పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), ఒక్కోటీ రెండు మూడేళ్ళు, సాధారణంగా రెండు, ఒక్కోసారి మూడు. అంటే పర్మనెంట్ ఉద్యోగం అన్న మాట వినపడేసరికి ముప్పై అయిదు దగ్గరికొస్తాయి, అదీ అందరికీ రాదు, చాలామందికి రాదు. నాకు కూడా మధ్యలో ఒక చోట, ఎక్కడన్నది వద్దు, ఐదు నెలలు డబ్బు పడలేదు, తమ్ముడి దగ్గర అప్పు తీసుకున్నాను. ఇంటికి పంపాల్సిన బాధ్యత ఇప్పుడే నీ మీద ఉంటే ఆ సంగతి ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకో, ఫెలోషిప్‌లో సర్దుకోవచ్చులే అని ఒక్కదానివే నిర్ణయించుకోకు. నాతో పీహెచ్‌డీ చేసినవాళ్ళలో ఒకరు ఇప్పుడు స్కానింగ్ యంత్రాల కంపెనీలో ఉన్నారు, ఒకరు బ్యాంకులో రిస్క్ లెక్కలు, ఇద్దరు బెంగళూరులో డేటా పని. వాళ్ళెవరూ చదివింది వృథా అయిందని అనలేదు. మా పనిలో చేయి తిరిగినవాళ్ళకు పెద్ద డేటా, గణాంకాలు, ప్రోగ్రామింగ్ మూడూ వచ్చేస్తాయి కాబట్టి బయట ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు. మీ నాన్నగారితో ఈ సంగతి చెప్పు, ఆయన భయం నిజమైన భయమే, దానికి నిజమైన జవాబు ఇది.

పెళ్ళి గురించి నేను సలహా ఇవ్వను, నాకు జరిగింది చెబుతాను. మా ఆయనది వేరే రంగం, జెనీవాలో ఉన్న మూడేళ్ళూ ఆయన హైదరాబాద్‌లో, నేను అక్కడ. కష్టమైంది. ఇద్దరికీ ఒకే ఊళ్ళో పని దొరకడం అన్నది ఈ రంగంలో ఆడా మగా అందరికీ ఉన్న సమస్యే, కానీ దాని భారం ఆడవాళ్ళ మీదే ఎక్కువ పడటం నేను కళ్ళారా చూశాను. కాబట్టి ఎవరినైనా చేసుకునే ముందు "ఏడాదిలో మూడు నెలలు నేను ఉండను" అని స్పష్టంగా చెప్పు, తర్వాత సర్దిచెప్పుకోవచ్చు అనుకోవద్దు. 2012 జులై 4 మధ్యాహ్నం పన్నెండున్నరకు మేమంతా ముంబైలో ఆడిటోరియంలో తెర ముందు కూర్చుని హిగ్స్ ప్రకటన చూశాం. అట్లాస్ తరఫున వేదిక మీద మాట్లాడింది ఫాబియోలా జియనోట్టి, తర్వాత 2016లో సెర్న్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. రెండు ప్రయోగాలూ ఐదు సిగ్మా అన్నప్పుడు, పీటర్ హిగ్స్ కళ్ళు తుడుచుకుంటుంటే, నా పక్కన కూర్చున్న మా ల్యాబ్ టెక్నీషియన్ కూడా ఏడుస్తున్నాడు. ఇరవై ఏళ్ళ కిందట డిటెక్టర్ పలకల పనిలో ఉన్న మనిషాయన. ఆయన పేరు ఏ పేపర్‌లోనూ ఉండదు. తెర మీది హిగ్స్ గుట్ట మీద ఒక్కో చుక్క వెనక ఆయన చేతి పని ఉందని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది. జెస్ట్, గేట్, నెట్ ప్రవేశ పరీక్షలు మూడూ రాయి, ఏది కలిసొస్తుందో ముందు చెప్పలేం. సెర్న్ సమ్మర్ స్టూడెంట్ ప్రోగ్రాంకు అప్లై చెయ్, రాకపోయినా ఆ దరఖాస్తు రాయడం వల్ల నీకు ఏం కావాలో నీకే తేటపడుతుంది. క్వాంటం ఫీల్డ్ థియరీ అంతా వచ్చేశాకే అడుగు పెట్టాలని ఆగకు. దానికంటే గణాంకాలు గట్టిగా నేర్చుకో, మన ఎమ్మెస్సీ సిలబస్‌లలో అది చాలా పల్చగా ఉంటుంది. పైథాన్ రాకపోతే ఈ నెలే మొదలుపెట్టు, సీ ప్లస్ ప్లస్ తర్వాత వస్తుంది. మీ కాలేజీ ల్యాబ్‌లో పాత గైగర్ కౌంటర్ ఉంటే దాన్ని దుమ్ము దులిపి బ్యాక్‌గ్రౌండ్ ఎంత వస్తోందో వారం రోజులు రాయి, పగలూ రాత్రీ తేడా ఉందేమో చూడు, ఉంటే ఎందుకో వెతుకు.

అన్నిటికంటే ముందు ఒక పని. సీఎంఎస్ తన పాత డేటాను 2014 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది, సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఉంటుంది. 2010 డేటాలో రెండు మ్యూయాన్లు ఉన్న ఢీకొనడాల చిన్న ఫైలు ఒకటి దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్‌కు చాలు. ఒక్కో వరుసలో రెండు మ్యూయాన్ల శక్తి, మూడు దిక్కుల వేగభారం ఉంటాయి. రెండిటినీ కలిపి ఇన్‌వేరియంట్ మాస్ (ఆ రెండూ ఏ కణం నుంచి పుట్టాయో దాని ద్రవ్యరాశి) లెక్క కట్టు, బీఎస్సీలో చదివిన రిలేటివిటీయే, కొత్తదేం లేదు. హిస్టోగ్రాం గీస్తే 3.1 జీఈవీ దగ్గర సన్నటి ముల్లులా జే సై అనే కణం, తొమ్మిదిన్నర దగ్గర అప్సిలాన్ అనే కణం, దూరంగా 91 దగ్గర వెడల్పాటి గుట్టలా జెడ్ బోసాన్ లేస్తాయి. 1983లో ఆ జెడ్‌ను, దాని తోటి డబ్ల్యూ బోసాన్‌ను పట్టుకున్నందుకే మరుసటి ఏడాది నోబెల్ ఇచ్చారు, అది నీ తెర మీద నీ పది లైన్ల ప్రోగ్రాంతో వస్తుంది. వచ్చాక వెంటనే మూసేయకు. జే సై ఎందుకు అంత సన్నగా ఉంది, జెడ్ ఎందుకు అంత వెడల్పు, మధ్యలో చదునుగా ఉన్నవన్నీ ఏమిటి అని నీకు నువ్వే అడుగు. జవాబు తెలీక రెండు రోజులు దాని చుట్టూనే తిరిగావంటే సరైన దారిలోనే ఉన్నావని నేను మీ నాన్నగారికి ధైర్యంగా చెబుతాను.

ఆ ప్లాట్ వేశాక నాకు పంపు, చూస్తాను. పంపేటప్పుడు దాని పక్కనే ఫై కూడా గీసి పంపు.